జోగమ్మకు చేరని జవాబు

సోడి జోగమ్మ. ఊరు భేజ్జి. కోంటా హాస్టల్లో ఉండి పన్నెండో తరగతి పాసైన దొర్ల తెగ పిల్ల.

ఈ పేరు మొదటే రాసేస్తున్నాను. చెప్పవలసిన చోట చెప్పలేదు కాబట్టి, ఇక్కడైనా ముందుండాలి.

అమ్మాయీ, నా కుర్చీలోకి వచ్చిన వారానికే నువ్వు రాసిన మెయిల్ చూశాను. "మేడమ్, మీరు అప్పగించిన కాగితాలన్నీ చదివాను. కమిటీల పేర్లున్నాయి, గడువు తేదీలున్నాయి. ఉద్యోగం ఏమిటో మాత్రం అందులో లేదు" అన్నావు. నిజమే. ఇరవై రెండేళ్ళు చేసినా ఆ సంగతి నాకు రిటైరయ్యాకే అర్థమైంది. అర్థమైనంత రాస్తాను. నా పదోన్నతుల సంగతి నీకు అక్కర్లేదు, నాకూ గుర్తు లేదు.

మామూలు జనం అంటే ఎవరు

నా పని గురించి మా ఇంట్లో చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. మా నాన్న కిరండూల్ లైన్లో గ్యాంగ్‌మన్. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బచేలి రైల్వే క్వార్టర్లో మమ్మల్ని పెంచాడు. నేను మొదటిసారి విదేశంలో మీటింగుకు బయలుదేరుతుంటే, ఇనుపగనుల కొండ మీది ఎర్రదుమ్ము పట్టిన నా సూట్‌కేసును తడిగుడ్డతో తుడుస్తూ అడిగాడు.

"ఏటే, ఇంటర్నెట్టోళ్ళ మీటింగంతన్నావు. అక్కడ నువ్వేటి సేస్తావు?"

"మామూలు జనం తరఫున మాట్లాడతాను నాన్నా."

"మామూలు జనమంటే ఎవులు?"

"నువ్వే అనుకో."

ఆయన తుడవడం ఆపి నా వైపు చూశాడు. "నానేటీ సెప్పనేదు కదే నీకు! మరేటి మాటాడతావు?"

నేను నవ్వేశాను. ఆ ప్రశ్నకు అప్పుడే సమాధానం వెతుక్కుని ఉంటే ఈ ఉత్తరం రాసే పని తప్పేది.

నీకు తెలిసిందే అయినా, బయటివాళ్ళు ఎవరైనా చదివితే తెలియడం కోసం చెబుతాను. వెబ్‌సైట్లకు ఉండే పేర్లను ఎవరు అమ్మవచ్చు, ఎవరు కొనవచ్చు, దుర్వినియోగం జరిగితే ఎవరు ఏం చేయాలి అన్న నియమాలు తయారుచేసే అంతర్జాతీయ సంస్థ ఒకటుంది. అక్కడి బల్ల చుట్టూ పేర్లు అమ్మే కంపెనీలుంటాయి, ప్రభుత్వాలుంటాయి, ఇంజనీర్లుంటారు, లాయర్లయితే లెక్కకు మించి ఉంటారు. బల్ల చివర ఒక కుర్చీ ఇంటర్నెట్ వాడే మామూలు మనుషులది. రాయపూర్లోని మా వినియోగదారుల సంఘం నన్ను ఆ కుర్చీకి పంపింది. మనల్ని జనం ఎన్నుకోరు. మనమున్నామని కూడా జనానికి తెలియదు. ఈ ఒక్క సంగతి రోజూ గుర్తు పెట్టుకుంటే తల తిరగదు. నాకు కొన్నేళ్ళు బాగానే తిరిగింది. మెడలో బిళ్ళ వేసుకుని, మినీ సమోసాల కంటే చిన్నవేవో తింటూ, "మా వినియోగదారుల అభిప్రాయం ప్రకారం" అంటూ మాట్లాడడం అలవాటైపోయింది. ఏ వినియోగదారుడు, ఎప్పుడు చెప్పాడు అని ఎవరూ అడగలేదు.

ఒక్కరు అడిగేవారు. మా కమిటీ అధ్యక్షుడు, ఏదో చిన్న ద్వీప దేశం నుంచి వచ్చే పెద్దాయన. ప్రతి మీటింగు మొదటి రోజు పొద్దున టీ కప్పుతో నా పక్కన కూర్చుని, "ఈ నెల ఎవరితో మాట్లాడావు? పేరు చెప్పు" అనేవాడు. మొదట్లో ఆయన చాదస్తానికి విసుక్కునేదాన్ని. ఆయన అడుగుతాడని భయపడే కోంటా సంతలో బల్ల వేయడం మొదలుపెట్టాను.

మా పరిధి కాదు

కోంటా సంతలో ఎండుచేపలు అమ్మేవాళ్ళ పక్కన, నీలం తార్పాలిన్ కింద నా బల్ల ఉండేది. బచేలి నుంచి తెల్లవారుజామున బయలుదేరి వెళ్ళేదాన్ని. నెట్ గురించి, ఫోన్ గురించి ఏ కష్టమున్నా చెప్పండి అని హిందీలో, తెలుగులో రాసి పెట్టాను. చెప్పేవాళ్ళు దొర్లిలో, గోండిలో, తెలుగులో, మధ్యమధ్య హిందీలో చెప్పేవారు. రేషన్ మిషన్ వేలిముద్ర పట్టడం లేదనేవారు. పెన్షన్ కోసం వస్తే సర్వర్ డౌన్ అంటున్నారనేవారు. నేను రాసుకునేదాన్ని. మీటింగుకు తీసుకెళ్ళేదాన్ని. అక్కడ ఒక్కొక్కదానికీ ఒకటే మాట: ఇది మా సంస్థ పరిధిలోకి రాదు.

చింతలనార్ నుంచి వచ్చిన ఒకాయన, మా ఊళ్ళో టవర్ నిలబెట్టారు, దాని మీద దీపం వెలుగుతుంది గానీ ఫోన్ మోగదు అన్నాడు. అది మా పరిధి కాదన్నాను. రేషన్ మిషన్ సంగతి అడిగాడు. అదీ కాదన్నాను.

"మరి మీ పరిధిల ఏమున్నది మేడమ్?"

వెబ్‌సైట్ల పేర్లు అని చెప్పాను. ఆయన సంచి భుజాన వేసుకుంటూ, "మంచిదే. అవి గూడ ఎవలో ఒకలు చూసుకోవాలె గద" అని నన్నే ఓదార్చి చేపలు కొనుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

జనం కష్టాలు ఏ సంస్థ పరిధినీ చూసుకుని రావు. మన పరిధిలోకి రానివి వినడం దండగ అనుకున్న రోజున ఈ ఉద్యోగం మానేయడం మంచిది. విని, ఎక్కడికి పోవాలో దారి చూపించడం కూడా మన పనే. అది మన పని అని ఏ కాగితంలోనూ లేదు, అంతే.

రసీదు

జోగమ్మ వచ్చింది ఆ బల్ల దగ్గరికే. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడత పడకుండా దాచుకున్న రసీదు. నర్సింగ్ కాలేజీలో సీటు కోసం, డబ్బు తీసుకుని దరఖాస్తులు నింపిపెట్టే చాయిస్ సెంటర్లో ఆన్‌లైన్ ఫారం నింపించుకుంది. జగదల్‌పూర్ వెళితే అసలు నీ పేరుతో ఫారమే రాలేదన్నారట. "ఇగో రసీదు ఉన్నది గద మేడమ్, రాలేదంటరేంది?"

రసీదు మీద ఉన్న వెబ్‌సైట్ పేరు చూశాను. ప్రభుత్వ సైటు పేరుకు చిన్న తోక తగిలించి ఎవరో కొనుక్కున్న దొంగ సైటు. ముద్ర, రంగులు, కలెక్టరు ఫోటోతో సహా అచ్చు అసలుదే. సెంటర్ నడిపేవాడు కూడా మోసపోయాడు. గడువు అయిపోయింది. ఆ ఏడాది సీటు పోయింది.

సిగ్గు విడిచి ఒక మాట చెప్పాలి. నాకు లోపల సంతోషం వేసింది. అన్నేళ్ళలో మొదటిసారి, సంతలోంచి వచ్చిన కష్టం మా పరిధిలోకి అచ్చంగా సరిపోయింది! ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటుంటే నేను మనసులో నా ఉపన్యాసం రాసుకుంటున్నాను.

ఆ పేరు అమ్మిన కంపెనీ వేరే ఖండంలో ఉంది. ఫిర్యాదు పంపించాను. కోర్టు ఆర్డరు తెమ్మని జవాబొచ్చింది. మళ్ళీ రాశాను. మీ ఫిర్యాదు పరిష్కరించబడినది అని వచ్చింది. సైటు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. అలాంటి కంపెనీల మెడలు వంచే నియమం ఏదీ అప్పుడు లేదు. దాని మీదే మా సంస్థలో చర్చ మొదలవుతోంది. ఇంకో రెండు నెలల్లో మీటింగు. అక్కడ నీ మాట చెబుతాను అన్నాను జోగమ్మతో.

ఆ రెండు నెలలూ ఆమె బచేలిలో నా దగ్గరే ఉంది. వచ్చే ఏడు మళ్ళీ ఫారం పెట్టేలోపు ఇంగ్లీషు నేర్పిస్తానని నేనే తీసుకొచ్చాను. నాకు పెళ్ళీ పిల్లలూ లేరు. ఆ ఇంట్లో రెండో కంచం పెట్టింది అప్పుడే. ఆమె వచ్చేటప్పుడు గంపలో ఎండు ఇప్పపువ్వు, చింతపండు తెచ్చింది. నా వంటలో పులుపు తక్కువని మొదటి రోజే చెప్పేసింది. సాయంత్రం డ్యూటీ మారే వేళకు గనుల కంపెనీ ఆసుపత్రి గేటు ఎదురుగా వెళ్ళి నిలబడేది. తెల్ల బట్టల్లో నర్సులు బయటికి వస్తుంటే చూసి వచ్చేది. "పెద్దమ్మా, వాళ్ళ చెప్పులకు గూడ ఎర్రదుమ్ము లేదు. ఎట్ల నడుస్తరో!" అనేది. మేడమ్ అన్న పిల్ల ఎప్పుడు పెద్దమ్మా అనడం మొదలుపెట్టిందో నేను గమనించలేదు. ఇప్పుడు ఆ పిలుపంటే చెవి కోసుకుంటాను. వారానికోసారి కర్టెన్లు తీసి ఉతికేది. బకెట్లో నీళ్ళు ఎర్రగా అయ్యేవి. ఇప్పటికీ కర్టెన్లు ఉతుకుతున్నప్పుడల్లా ఆమె గొంతు వినపడాలని ఉంటుంది.

ఆమెను తీసుకెళ్ళడానికి వాళ్ళ నాన్న వచ్చాడు. ఆయన భేజ్జిలో కోట్వార్. ఆఫీసుల మాట ఊరికి, ఊరి మాట ఆఫీసులకు చేరవేసే మనిషి. గుమ్మం దగ్గరే కూర్చుని నేనిచ్చిన టీ తాగి, నా పని గురించి అడిగి తెలుసుకున్నాడు.

"అంటే నువ్వు గూడ కోట్వార్‌వే గద?"

అలాగే అనుకోండి అన్నాను.

"అయితే ఒక్క మాట. నేను ఊరి మాట పట్టుకొని పంచాయతి సచివ్ దగ్గరికి పోత. ఆయన అవునన్నా, కాదన్నా, ఆఫీసుల ఎవ్వలు లేకపోయినా, తిరిగొచ్చి అదే చెప్త. చెప్పిందాకా ఇంట్ల అన్నం తినను. మా నాయన గూడ గట్లనే చేసిండు. నువ్వు గూడ వచ్చి చెప్పాలె."

"చెబుతాను" అన్నాను.

జోగమ్మ బస్సెక్కే ముందు ఇంకో రెండు కోరింది. "వచ్చే ఏడు ఫారాలు వచ్చేలోపు ఆ సైటు మూయించు పెద్దమ్మా. ఇంకా మా హాస్టల్ పిల్లలున్నరు. ఇంక నా పేరు చెప్పు. ఎవలో పిల్ల అనొద్దు." రసీదు నా చేతిలో పెట్టింది.

రెండు నిమిషాలు

మైకు దగ్గర మనకిచ్చేది రెండు నిమిషాలు. ఎదురుగా గోడ మీద గడియారం వెనక్కి నడుస్తుంది. జోగమ్మ మాటలన్నీ విమానంలో కంఠస్థం చేశాను. కానీ ముందురోజు మా బృందంలో ముసాయిదా రాసేవాళ్ళు నా కాగితం చూసి, ఒక్క పిల్ల కథ ఆధారం కాదు, పేరు పెడితే పల్లెటూరి ఫిర్యాదులా ఉంటుంది, హుందాగా రాద్దాం అన్నారు. సోడి జోగమ్మ తీసేసి, "వెనుకబడిన ప్రాంతాల అంతిమ వినియోగదారులు" అని పెట్టారు. నేను ఒప్పుకున్నాను. ఎవరూ బలవంతం చేయలేదు. ఆ మాట నాకూ అందంగానే అనిపించింది.

చదివాను. ఇంకా కొన్ని సెకన్లు మిగిలే ఉన్నాయి. తర్వాత పేర్లు అమ్మే కంపెనీల తరఫున ఒకాయన లేచాడు. మర్యాదస్థుడే. "వినియోగదారులు నష్టపోతున్నారని ప్రతిసారీ వింటున్నాం. నిజంగా నష్టపోయిన మనిషిని ఒక్కరిని చూపించండి, ఆ సైటు సంగతి ఈ మధ్యాహ్నమే చూస్తాం" అన్నాడు.

రసీదు నా ఒళ్ళో సంచిలో ఉంది. ప్లాస్టిక్ కవరు చేతికి తగులుతోంది. లేవలేదు. నా వంతు అయిపోయిందనుకున్నాను. నా ఇంగ్లీషు తడబడుతుందని భయపడ్డాను. హుందాగా రాసుకున్నదాని మీద ఇప్పుడు రసీదు తీస్తే ఏమనుకుంటారో అనుకున్నాను. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ కారణం కాదు, మూడూ సాకులే. ఆ రోజు సభ నడిపిన అధ్యక్షుడు తర్వాతి అంశానికి వెళ్ళిపోయాడు. మా పెద్దాయన కాదు, ఆయన అప్పుడు జబ్బుపడి ఇంట్లో ఉన్నాడు. చర్చ తర్వాతి మీటింగుకు వాయిదా పడింది, అక్కడి నుంచి ఆపై మీటింగుకు.

రాయపూర్లో మా డైరెక్టర్ నన్ను మెచ్చుకున్నారు. చాలా హుందాగా మాట్లాడావు అని అందరి ముందూ అన్నారు. మా పెద్దాయన రికార్డింగ్ విని ఫోన్ చేశాడు. "రసీదు దగ్గరుందా?" అన్నాడు. ఉందన్నాను. "మరి ఎందుకు కూర్చున్నావు?" అని అడిగి, నేను చెప్పే జవాబు వినకుండానే పెట్టేశాడు. నన్ను మెచ్చుకున్న పై అధికారులు చాలామంది ఉన్నారు. నేర్పింది ఆయనొక్కడే.

లింకు

ఇంటికొచ్చాక చేసిన తప్పు దీనికంటే పెద్దది. ఆ మీటింగు నివేదిక ఇంగ్లీషులో వచ్చింది. నలభై పేజీలు. దాని లింకు జోగమ్మ నంబరుకు పంపించాను. మీ అభిప్రాయం సమర్పించబడింది అని రాశాను. మన వృత్తిలో ఇదే చేస్తాం కదా. నివేదిక నెట్లో పెట్టి, లింకు పంపి, పని పూర్తయిందని గుర్తు పెట్టుకుంటాం. ఆమెది బటన్ల ఫోన్. నాకు తెలుసు. నా కళ్ళ ముందే రెండు నెలలు వాడింది.

కోంటా వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. సంత బల్ల కొన్నాళ్ళు ఆపేశాను. దోర్నపాల్ వైపు పెట్టుకుంటున్నామని ఆఫీసులో చెప్పాను. మరుసటేడు ఫారాల కాలం వచ్చేసరికి ఆ దొంగ సైటు కొత్త రంగులు వేసుకుని సిద్ధంగా ఉంది. జోగమ్మ హాస్టల్ పిల్లలు ఇద్దరు అందులోనే నింపారని హాస్టల్ వార్డెన్ ద్వారా తెలిసింది. జోగమ్మ అయితే ఫారమే పెట్టలేదట. శబరి నది అవతల ఒడ్డున మిరపకాయల కోతకు పోయిందని, అక్కడే పెళ్ళయిందని ఆవిడే చెప్పింది. నంబరు మారిపోయింది. పాత నంబరుకు చాలాసార్లు చేశాను. ఎత్తితే ఏం చెప్పాలో తెలియకుండానే చేసేదాన్ని.

నియమం వచ్చింది. నేను రిటైరయ్యే ముందు. దొంగ సైటు గురించి ఆధారంతో ఫిర్యాదు వస్తే, పేరు అమ్మిన కంపెనీ కోర్టు ఆర్డరు కోసం చూడకుండా చర్య తీసుకుని తీరాలి. ఆ రోజు గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. రసీదు ఇంకా సంచిలోనే ఉంది, అక్షరాలు వెలిసిపోయాయి. నాకు మాత్రం ఎర్రటి బకెట్ నీళ్ళు, పులుపు తక్కువైందన్న గొంతు గుర్తొచ్చాయి. ఆ పిల్ల పక్కన ఉండి ఉంటే బాగుండునని, అంతమందిలో నిలబడి, కోరుకున్నాను.

భేజ్జిలో

రిటైరైన తర్వాత భేజ్జి వెళ్ళాను. కోట్వార్ ముసలివాడయ్యాడు. వాకిట్లో తునికాకు కట్టలు కడుతున్నాడు. నన్ను గుర్తుపట్టి, పీట వేయించి, మంచినీళ్ళిచ్చి, నిన్న వెళ్ళి ఇవాళ వచ్చినదాన్ని అడిగినట్టు అడిగాడు.

"ఏమన్నరు?"

అప్పుడు చెప్పాను. పేరు చెప్పలేదని, రసీదు తీయలేదని, ఇన్నేళ్ళకు నియమం వచ్చిందని. అంతా విన్నాక ఆయన, "పిల్లకి గూడ చెప్పు" అని ఒక నంబరు చెప్పాడు. తిట్టి ఉంటే బాగుండేది.

కోంటా వచ్చి బస్టాండ్ దగ్గర నిలబడి ఫోన్ చేశాను. నేనెవరో చెప్పగానే జోగమ్మ గుర్తుపట్టింది. చింతూరు దాటాక ఒక ఊళ్ళో ఉందట. కూతురు ఆరో తరగతట. వాళ్ళ నాన్నతో చెప్పిందంతా మళ్ళీ చెప్పాను. ఆమె ఒకే ప్రశ్న అడిగింది.

"నా పేరు చెప్పినవా?"

"లేదమ్మా."

అవతల ఎవరో మేకల్ని అదిలిస్తున్నారు.

"రూల్ అయితే వచ్చింది గద?"

"వచ్చింది."

"మరి అది ఎవలు జూస్తరు, ఆ కంపెనీలు మంచిగ జేస్తున్నయో లేదో?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ మీటింగులోనూ ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. ఇప్పుడు నా స్థానంలో కొత్త అమ్మాయి వచ్చింది, ఆమె చూడాలి అని చెప్పాను.

"ఆమెకి నా నంబర్ ఇయ్యి. నా బిడ్డకి ఫారాలు నింపే యేడు వస్తది. ఫోన్ జెయ్యమను. మీటింగ్‌ల ఏమన్నరో వచ్చి చెప్పమను."

సరేనన్నాను. ఫోన్ పెట్టకుండా ఆగాను. ఒకసారి రా పెద్దమ్మా అంటుందేమోనని. పెద్దమ్మా అన్న పిలుపైనా ఒక్కసారి వస్తుందేమోనని. "ఉంట మేడమ్" అంది.

నంబరు ఈ ఉత్తరంతో పాటు విడిగా పంపుతున్నాను. రసీదు కూడా పంపుతున్నాను, మీద ఏమీ కనపడదు గానీ దగ్గర పెట్టుకో. నీ మొదటి మీటింగు ఇంకెంతో దూరంలో లేదు. వెళ్ళే ముందు ఆమెకు ఫోన్ చెయ్యి. వచ్చాక లింకు పంపకు, కోంటా బస్సెక్కి, శబరి దాటి, వెళ్ళి చెప్పు.

నన్ను ఆమె రమ్మనలేదు. నిన్ను రమ్మంది.